స్నేహితురాలి పరిశోధన వ్యాసంపై అభిప్రాయం రాయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, గుంటూరు

పెద్దలకు, తోటి విద్యార్థులకు నమస్కారం. మా తరగతిలో ఈ సెమిస్టరుకు ప్రతి ఒక్కరూ ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. తుది ప్రతి ఇచ్చే ముందు ఒకరి చిత్తుప్రతిని మరొకరు చదివి, తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని మా మేడం నియమం పెట్టారు. ఆ అభిప్రాయానికి కూడా మార్కులు ఉన్నాయి. నా వంతుకు వచ్చినది నా స్నేహితురాలి చిత్తుప్రతి.

ఆమె ఎంచుకున్న విషయం 1832-33 నాటి గుంటూరు కరువు, అంటే మన ప్రాంతంలో డొక్కల కరువని, నందన కరువని చెప్పుకునేది. ఆ కరువు మిగిల్చిన నష్టాన్ని చూసిన కంపెనీ ప్రభుత్వం కళ్ళు తెరిచి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టించిందని, దానితో గుంటూరు జిల్లాకు కరువు బాధ తీరిందని ఆమె వాదన. ఆమె చాలా బాగా రాస్తుంది. కరువు రోజులను వర్ణించిన మొదటి పేజీలు చదువుతూ ఉంటే మనసు కలత చెందింది. అయితే ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి ఏదో అతకలేదనిపించింది. అది ఏమిటో నాకే స్పష్టంగా తెలియడం లేదు. ప్రస్తుతానికి అక్షర దోషాలు, వాక్య దోషాలు గుర్తించి పెట్టాను.

నా సందేహాలు ఇవి. ఈ విషయం మీద ఆమె చదివినదానిలో నాలుగో వంతు కూడా నేను చదవలేదు. అటువంటప్పుడు వాదన గురించి మాట్లాడే అర్హత నాకు ఉంటుందా? ఒకవేళ మూల వాదనలోనే లోపం ఉందని చెబితే, గడువు ఇంత దగ్గరలో పెట్టుకుని ఆమె వ్యాసమంతా తిరగరాయవలసి వస్తుందేమో. చెప్పకపోతే ఆ లోపాన్ని రేపు మేడం పట్టుకుంటారు. ఆమెకు నిజంగా పనికివచ్చేలా, ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా రాయాలో దయచేసి చెప్పండి.


మొదటి సమాధానం: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, విజయవాడ

అమ్మా, మీ మొదటి సందేహానికి ముందుగా జవాబు చెబుతాను. ఆ విషయం మీద ఆమెకన్నా తక్కువ చదివి ఉండటమే మీకున్న అర్హత. వ్యాసం రాసినవారి తలలో పుస్తకాలలో చదివినదంతా ఉంటుంది కనుక, కాగితం మీదికి ఏది వచ్చిందో, ఏది తలలోనే ఉండిపోయిందో వారికి కనబడదు. కాగితం మీద ఉన్నది మాత్రమే చదివే మీకు అది కనబడుతుంది. మీకు ‘ఏదో అతకలేదు’ అనిపించిన చోటును వదిలిపెట్టకండి. మీరు ఆమెకు ఇవ్వగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఇప్పుడు పెన్ను పక్కన పెట్టి చిత్తుప్రతిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదవండి. చదివిన వెంటనే, ప్రతిని మూసివేసి, ఈ వ్యాసం ఏమి చెబుతోందో మీ మాటల్లో రెండు వాక్యాలుగా రాయండి. మీ అభిప్రాయ పత్రం ఆ రెండు వాక్యాలతోనే మొదలుకావాలి. వాటిని చూసి ఆమె ‘నేను చెప్పదలచుకున్నది ఇది కాదే’ అని అనుకుంటే, ఎక్కడ సరిచేయాలో ఆమెకే తెలిసిపోతుంది. ‘అవును, ఇదే’ అనుకుంటే మీరు తరువాత వేసే ప్రశ్నలను ఆమె నమ్మకంతో చదువుతుంది, ఎందుకంటే తన మాటను సరిగా విన్న మనిషి అడుగుతున్న ప్రశ్నలవి.

అక్షర దోషాలను చివరికి వదిలేయండి. వాదన మారితే మీరు దిద్దిన పేరాలు అసలు ఉండకపోవచ్చు. అంతేకాక, మార్జిన్ నిండా ఒత్తులు, దీర్ఘాలు దిద్ది ఉంటే పెద్ద ప్రశ్న వాటి మధ్య కలిసిపోతుంది.

ఇక మీకు అతకనిది ఏమిటో చూద్దాం. కరువు 1832-33లో వచ్చింది. కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. నడుమ దాదాపు ఇరవై సంవత్సరాలు ఉన్నాయి. కరువే కారణమైతే ఆ ఇరవై ఏళ్ళలో ఏమి జరిగిందో వ్యాసం చెప్పాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. కృష్ణ కన్నా ముందే, 1847 నుంచి 1852 దాకా, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టించారు. ఆ కరువు దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలింది గుంటూరుకు అయినప్పుడు, తొలి ఆనకట్ట గోదావరి మీద ఎందుకు వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న ఆమె ముందు పెట్టండి. జవాబు మీరు చెప్పనవసరం లేదు. ఆమె వెతికితే అప్పటి రాజమండ్రి జిల్లాలో పడిపోయిన శిస్తు ఆదాయం గురించి 1844లో కంపెనీ అధికారి హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదిక కనబడుతుంది. గోదావరి పని ఫలించడం కృష్ణ మీది పనికి ఎంత దారి చూపిందో కనబడుతుంది. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు నడుమ నది ఇరుకుగా ఉండటం వంటి స్థానిక కారణాలు కనబడతాయి. అప్పుడు కరువు అనేక కారణాలలో ఒకటిగా తన స్థానంలో నిలుస్తుంది.

గడువు గురించి మీరు పడుతున్న భయానికి కూడా ఇందులోనే ఉపాయం ఉంది. ఆమె వ్యాసమంతా తిరగరాయనక్కర లేదు. ‘కరువు వల్లనే ఆనకట్ట వచ్చింది’ అన్న వాక్యాన్ని ‘ఆనకట్ట కోసం వాదించినవారికి కరువు బలమైన ఆధారంగా ఉపయోగపడింది’ అన్న స్థాయికి తగ్గించుకుంటే, ఆమె రాసిన కరువు వర్ణన అంతా అలాగే నిలుస్తుంది, వాదన కూడా నిలుస్తుంది. అయితే ఈ వాక్యాన్ని మీరు రాసి ఆమె చేతిలో పెట్టకండి. ప్రశ్న మీది, వాక్యం ఆమెది. సాటి విద్యార్థి రాసి ఇచ్చిన వాక్యం వ్యాసంలోకి చేరితే, దాన్ని సెమినార్‌లో సమర్థించుకోవలసి వచ్చినప్పుడు ఆమె దగ్గర బలం ఉండదు.

మాట తీరు గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. ‘వాదన బలహీనంగా ఉంది’ అని రాస్తే అది తీర్పు అవుతుంది. చదివినవారు బాధపడతారు, ఏమి చేయాలో మాత్రం తెలియదు. ‘ఐదో పేజీలో కరువు నుంచి నేరుగా ఆనకట్ట మంజూరుకు వెళ్ళారు; నడుమ ఇరవై ఏళ్ళు ఏమి జరిగిందో నాకు అర్థం కాక అక్కడ ఆగిపోయాను; ఆ కాలం గురించి ఒక్క పేరా ఉన్నా నేను మీ వెంట రాగలిగేవాణ్ణి’ అని రాస్తే, చోటు చెప్పినట్టు, చదువరి పడిన ఇబ్బంది చెప్పినట్టు, అది తీరే దారి కూడా చూపినట్టు అవుతుంది. మెచ్చుకోలుకు కూడా ఇదే పద్ధతి. ‘బాగుంది’ అంటే ఆమెకు ఏమీ తెలియదు. ఏ పేరా ఎందుకు బాగుందో చెబితే, తిరగరాసేటప్పుడు దాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకుంటుంది.


రెండో సమాధానం: పరిశోధక విద్యార్థి, గుంటూరు

మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ ప్రాంత చరిత్ర మీదే పని చేస్తున్నందున, ఇటువంటి చిత్తుప్రతులలో చదువరులు తప్పక పరీక్షించవలసిన చోట్లు కొన్ని చెబుతాను.

మొదటిది జిల్లా సరిహద్దు. 1859లో అప్పటి గుంటూరు జిల్లాను రద్దుచేసి, దానిలో అధిక భాగాన్ని మచిలీపట్నం జిల్లాతో కలిపి కృష్ణా జిల్లాగా చేశారు. మళ్ళీ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో; అప్పుడు నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు ప్రాంతం కూడా ఇందులో చేరింది. కనుక ఆమె 1830ల గుంటూరు జనాభాను 1881 జనగణనలోని కృష్ణా జిల్లా జనాభాతోనో, 1911 నాటి గుంటూరు జిల్లా జనాభాతోనో పోల్చి ఉంటే, ఆ పోలిక నిలవదు. పేరు ఒకటే అయినా నేల ఒకటి కాదు. 1883లో గోర్డన్ మెకంజీ కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల గ్రంథం, చాలామంది విద్యార్థులకు ప్రధాన ఆకరం (ఆధారం). అందులో ‘జిల్లా’ అన్న ప్రతిచోటా అది నదికి రెండు వైపులా ఉన్న పెద్ద జిల్లా అని గుర్తుంచుకుని చదవాలి.

రెండోది మరణాల సంఖ్య. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని కొన్ని పుస్తకాలు, మూడో వంతు నుంచి సగం దాకా పోయారని మరికొన్ని రాస్తాయి. ఆ కాలానికి మనకు ఇప్పుడున్న తరహా జనగణన లేదు. దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి జనగణన 1881 నాటిది. పైగా, నీటి పనులకు డబ్బు మంజూరు చేయమని వాదించిన కాటన్ వంటివారు ఈ కరువు నష్టాన్ని తమ వాదనకు ఆధారంగా చూపారు. వారు అబద్ధం చెప్పారని నా ఉద్దేశం కాదు. ఒక వాదం కోసం ఎత్తి చూపిన సంఖ్యను ఆ వాదానికే రుజువుగా మళ్ళీ వాడితే, వ్యాసం తన చుట్టూ తానే తిరుగుతుంది. కనుక ఆమె ఇచ్చిన సంఖ్య పక్కన ‘ఇది ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో రాసినది?’ అని అడగండి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, ‘గుంటూరు జిల్లాకు కరువు బాధ తీరింది’ అన్న ముగింపు. ఆనకట్ట నీరు పారింది డెల్టాకు. పడమటి డెల్టాలో తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పొలాలు కాలువల కింద మాగాణి అయ్యాయి. పల్నాడు, వినుకొండ, నరసరావుపేట మెట్ట పొలాలకు ఆ నీరు ఎక్కే అవకాశమే లేదు. వాటిలో చాలా భాగానికి కాలువ నీరు అందింది 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలయ్యాక, కుడి కాలువ ద్వారానే. అంటే ఆనకట్ట పూర్తయ్యాక కూడా వందేళ్ళకు పైగా జిల్లాలో సగం నేల వానను నమ్ముకునే బతికింది. పల్నాటి వాళ్ళెవరైనా ఆమె ముగింపు చదివితే ఊరుకోరు. అలాగే కృష్ణా డెల్టాకు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు అని ఇప్పుడు మనం చెప్పుకునే లెక్క 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కిందిది. దాన్ని 1855 నాటి ఆనకట్టకు అంటగట్టి ఉంటే సరిదిద్దుకోమనాలి. కాలువల తవ్వకం, సాగు విస్తరణ దశాబ్దాల పాటు మెల్లగా జరిగాయి.

అయితే ఒక జాగ్రత్త. నేను చెప్పినవన్నీ తీసుకెళ్ళి మీ అభిప్రాయ పత్రంలో పోయకండి. ఆమె చిత్తుప్రతిలో నిజంగా ఉన్న లోపాన్ని మాత్రమే రాయండి. మీరు స్వయంగా సరిచూసినదాన్ని ‘సరిచూశాను’ అనండి, అనుమానం మాత్రమే ఉన్నదాన్ని ‘ఇక్కడ నాకు అనుమానం’ అనండి. ఈ రెండింటినీ కలిపివేస్తే ఆమె మీ మాట మీద ఆధారపడలేదు. ఆకరాలు సూచించాలనుకుంటే ఒకటి చాలు: రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర 1788 నుంచి 1848 దాకా నడుస్తుంది కనుక, మాస్టారు చెప్పిన ఆ ఖాళీ సంవత్సరాలలో ఎక్కువ భాగం అందులో ఉన్నాయి. 1840లలో ఇక్కడి పెద్ద జమీందారీలు శిస్తు బకాయిలతో ప్రభుత్వం చేతికి రావడం ఆ కాలపు సంగతే. నేల నేరుగా ప్రభుత్వం కిందికి వచ్చాక దాని మీద నీటికోసం ఖర్చు పెట్టే ఆసక్తి పెరిగిందా అన్నది ఆమెకు మంచి ప్రశ్న కాగలదు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో స్థానిక చరిత్ర పుస్తకాలు చూడవచ్చు.


మూడో సమాధానం: డిగ్రీ విద్యార్థి, తెనాలి

అక్కా, అభిప్రాయం అందుకునేవారి వైపు నుంచి ఒక మాట. మా కళాశాలలో కూడా ఈ పద్ధతి ఉంది. వ్యాఖ్యలు చాలా ఎక్కువగా వస్తే, దిద్దడానికి తేలికైనవాటినే ముందు దిద్దుతాము. ముఖ్యమైనది అడుగున ఉండిపోతుంది. అందుకే పెద్ద ప్రశ్నలు రెండు, మూడు మాత్రమే పెట్టి, వాటిలో ఏది ముందో కూడా చెప్పండి. ఇంకొకటి: పత్రం చేతికిచ్చి వెంటనే ఎదురుగా కూర్చోకండి. ఒక రాత్రి ఆమెను ఒంటరిగా చదువుకోనివ్వండి. మరునాడు కలిసి మాట్లాడితే, సమర్థించుకోవాలన్న తొందర తగ్గి, వినే ఓపిక ఉంటుంది. వీలైతే రాయడానికి ముందే ‘నీకు ఏ భాగం మీద అనుమానంగా ఉంది?’ అని ఆమెనే అడగండి.


అడిగినవారి తిరుగు సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడు చెప్పినట్టు ముందుగా ఆమెనే అడిగాను. ఆనకట్ట భాగం హడావిడిగా రాశానని, అదే సరిగా రాలేదని ఆమే అన్నది. దానితో నా భయం చాలా వరకు పోయింది. పత్రం ఇలా రాశాను, చూసి చెప్పండి.

‘నాకు అర్థమైనంతలో నీ వ్యాసం చెబుతున్నది ఇది: 1832-33 కరువు చేసిన నష్టమే కృష్ణ ఆనకట్టకు కారణం, ఆ ఆనకట్ట వల్ల గుంటూరు జిల్లా కరువుల నుంచి బయటపడింది. నేను పొరబడి ఉంటే ముందుగా చెప్పు.

రెండో పేజీలో గింజల ధరలు పెరిగిన క్రమాన్ని, జనం ఊళ్ళు విడిచిపోయిన క్రమాన్ని పక్కపక్కన పెట్టి చెప్పావు. ఆ రెండూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో ఒక్క వ్యాఖ్య కూడా లేకుండానే నాకు తెలిసింది. ఈ భాగాన్ని ఏ కారణం చేతా తగ్గించవద్దు.

నా మొదటి ప్రశ్న ఐదో పేజీ గురించి. కరువుకు, ఆనకట్ట పని మొదలవడానికి నడుమ దాదాపు ఇరవై ఏళ్ళు ఉన్నాయి, గోదావరి ఆనకట్ట దీనికన్నా ముందే పూర్తయింది. గుంటూరు కరువే ప్రధాన కారణమైతే ముందుగా గోదావరిని ఎందుకు ఎంచుకున్నారో చదువరిగా నాకు తెలియాలి. ఈ కాలం గురించి నువ్వు చదివే ఉంటావు, కాగితం మీదికి రాలేదనుకుంటున్నాను, కాబట్టి ఐదో పేజీ తీసివేసి కొత్తగా రాయడం మంచిది.

రెండో ప్రశ్న ముగింపు గురించి. ఆనకట్ట కాలువలు ఏ తాలూకాలకు వెళ్ళాయో పటం చూసి సరిచూశాను. పల్నాడు, వినుకొండ వాటి కింద లేవు. ‘గుంటూరు జిల్లా’ అన్న చోట ‘డెల్టా’ అనాలా, లేక మెట్ట ప్రాంతం గురించి విడిగా చెప్పాలా అన్నది నీ నిర్ణయం.

మూడోది అనుమానం మాత్రమే. మూడో పేజీలోని మరణాల సంఖ్యకు పాదసూచిక లేదు. అది ఎవరి లెక్కో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో చదువరి తేల్చుకుంటాడు.

అక్షర దోషాలు వేరే కాగితం మీద రాసి ఉంచాను, తుది ప్రతి సిద్ధమయ్యాక ఇస్తాను.’


మొదటి సమాధానం ఇచ్చిన అధ్యాపకుడు

అమ్మా, చాలా బాగా రాశారు. ముఖ్యంగా రెండో ప్రశ్నలో సరిచూసిన సంగతిని చెప్పి, నిర్ణయాన్ని ఆమెకు వదలడం సరైన పద్ధతి. ఒక్క చోట మాత్రం మార్చమంటాను. మొదటి ప్రశ్న చివర ‘ఐదో పేజీ తీసివేసి కొత్తగా రాయడం మంచిది’ అన్నారు. అంతకు ముందు వాక్యం దాకా మీరు చదువరిగా అడిగారు, అక్కడ మాత్రం పరీక్షకుల స్థానంలోకి వెళ్ళారు. ఆ పేజీని ఉంచి ముందు ఒక పేరా చేరిస్తే సరిపోతుందో, మొత్తం మార్చాలో ఆమె తన ఆకరాలు చూసుకుని తేల్చుకుంటుంది. ఆ భాగాన్ని కొట్టివేసి, ‘కాగితం మీదికి రాలేదనుకుంటున్నాను’ దగ్గర ఆపండి.

ఇంకొక సంగతి. జిల్లా సరిహద్దుల మార్పు గురించి మీరు రాయలేదు. ఆమె చిత్తుప్రతిలో 1859 తరువాతి జనాభా లెక్కలు ఏవైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఉంటే అది అనుమానాల వరుసలో కాక రెండో ప్రశ్న పక్కనే చేరాలి, ఎందుకంటే ముగింపు నిలబడేది ఆ పోలిక మీదే. లేకపోతే పత్రం ఇలాగే ఇచ్చేయండి.